లోపలివైపు గడియ

లోకాయుక్త ఆఫీసుకు ఇవతల, జెరాక్సు కొట్టు రేకు కింద
నా బల్ల. అర్జీ పేజీకి నలభై రూపాయలు.
కన్నీళ్లకు వేరే రేటు లేదు,
కొట్టివేతలకు ఉంది.

సుంకులమ్మ రావడం ఇది మూడోసారి.
వెంట ఖాజాబీ, చంకలో ఖాజాబీ మనవడు.
కర్నూలు ఎండకు ముగ్గురూ ఇటుక రంగు తేలినారు.

మొదటి అర్జీ నేనే రాసినాను:
"హంద్రీ పొంగినప్పుడు మా గుడిసెలు పోయినవి.
కార్పొరేషన్ వారు దయతో మమ్ములను
పాత ఎరువుల గోడౌనులో ఉంచినారు."
దయతో అన్న మాట నాది.
అది లేకపోతే కాగితం లోపలికి పోదని
ఇరవై రెండేళ్ల అనుభవం.
"ఉంచినారు కాదబ్బీ, పడేసినారు అని రాయి" అనింది ఆమె.
రాయలేదు.

పదకొండు మంది ఆడోళ్లు. ఒక బల్బు.
తలుపుకు గడియ లేదు.
రాత్రి పన్నెండు దాటినాక బీడీ వాసన ముందు వస్తుంది,
ఆ తర్వాత మనిషి.
"ఎవరని రాసేది?" అన్నాను.
"వాసనకు పేరుంటాదా?"
పేరు లేనిది ఫిర్యాదు కాదని
తిరిగొచ్చింది కాగితం.

రెండోసారి నాలుగు మాటలే పెట్టినాను:
తలుపు. గడియ. లోపల. వేయించగలరు.

జవాబు వచ్చింది, ఎప్పుడూ రానంత తొందరగా.
"సదరు వసతి గృహము తలుపునకు గడియ అమర్చడమైనది.
ఛాయాచిత్రము జతపరచడమైనది.
ఫిర్యాదు ముగించడమైనది."
ఫోటోలో గడియ నిజంగానే ఉంది.
కొత్తది, మెరుస్తోంది,
పక్కన నిలబడిన మేస్త్రీ కూడా నవ్వుతున్నాడు.
నాకూ సంతోషం వేసింది. ఆమెకు టీ చెప్పినాను.

టీ ముట్టలేదు.
ఫోటోను వేలితో తట్టి
"ఇది బయటవైపు" అనింది.

మళ్లీ చూసినాను. బయటవైపే.
మేస్త్రీ వెనక వీధి, వీధిలో పంది,
పోయేవాడెవడైనా వేసిపోగల గడియ.
ఒకసారి వేసిపోయినారు కూడా.
తెల్లారి నీళ్ల ట్యాంకరు వచ్చి, పట్టుకునేవాళ్లు లేక
మళ్లిపోయిన శబ్దం లోపల్నుంచే విన్నారంట.
చెప్పింది సుంకులమ్మే.
ఖాజాబీ మనవడి చెవులు మూసి ఊకొట్టింది.

"మరి రాత్రిళ్లు?"
"బేతంచెర్ల బండ ఒకటి ఉండాది.
నలుగురం తోసి తలుపుకు అడ్డం పెడతాం.
పొద్దున్నే ముగ్గురమే లేస్తాం,
అప్పుడు బరువెక్కువ."

నా ఇంటి తలుపుకు పైనొకటి, కిందొకటి.
ఏది ముందు వేస్తానో
ఎప్పుడూ గమనించలేదు.

మూడో అర్జీ. పాత నకలు తీసి దయను కొట్టేసినాను.
ఆ కొట్టివేతకు డబ్బులు తీసుకోలేదు.
"ఉంచినారు" మీద కలం ఆగింది
చాలాసేపు.

ప్రమాణ పత్రం కింద వేలిముద్ర.
ఇంకు డబ్బా తెరిచి ఎడమ చెయ్యి పట్టుకున్నాను.
బొటనవేలికి గోరు లేదు,
కొస చితికి, గీతలు పోయి, నల్లగా ఉబ్బి ఉంది.
"బండ కింద పడింది" అనింది
సిగ్గుపడుతూ, తప్పు తనదైనట్టు.

అద్దినాం. ఒట్టి మరక పడింది.
కిటికీ దగ్గర గుమాస్తా ఒప్పుకోడు.
కుడి వేలు వేస్తే ఎందుకో కారణం రాయాలి.
కారణానికి మార్జిన్‌లో మిగిలింది
ఒకటిన్నర అంగుళం.

రాస్తున్నాను.
చదవడం రాని ఆమె
నా భుజం మీదుగా వంగి
"లోపల" అన్న మాట ఎక్కడుందో
చూపించమంటోంది.