ఒక వంతు చూసి

జ్ఞానాపురంలో రైలు కట్ట పక్కన మా గేమింగ్ సెంటర్.
ఆరు మెషీన్లు, ఒక ఏసీ,
షట్టర్ దించినా లోపలికొచ్చే ఉప్పుగాలి.
ఈ నెల కరెంటు బిల్లు
పద్దెనిమిది వేల నాలుగు వందల పన్నెండు.

రోజ్‌లీన్ బిల్లు తిరగేసి
వెనకవైపు మూడు గడులు గీసింది:
పేరు, బొమ్మ, వాట్లు.
"ఏడవడం తర్వాత. ముందు కొలుద్దాం."

గోడ ప్లగ్గుకి మీటరు తగిలించాం.

మొదట ఏ సాయమూ లేకుండా.
తెర మీది ఎనభై మూడు లక్షల చుక్కల్నీ
కార్డు ఒక్కతే గీసుకుంది.
ఆటలో వాన, పాడుపడ్డ రేవు.
ముళ్లకంచె తీగ తీగా విడిగా,
ఆరేసిన వలలో ముడి కూడా కనబడింది.
నాలుగు వందల ముప్పై వాట్లు.
ఫ్యాన్ల హోరుకి పక్క వాటాలో తలుపు తెరిచారు.
ఇంతా చేసి ఫ్రేములు నలభై దాటలేదు.
తుపాకీ ఎత్తేలోగా రోజ్‌లీన్ చచ్చిపోయింది.

రెండోది పాతకాలపు ఉపాయం.
కొన్ని చుక్కలే గీసి, సాగదీసి,
అంచులకి సాన పడుతుంది.
ఏ కార్డునీ కాదనదు,
మూలనున్న మా ముసలి మెషీను మీదా నడిచింది.
కంచె మాత్రం
ఇస్త్రీ చేసిన పాత చొక్కాలా ఉంది:
మడత పదును, గుడ్డ పలచన.

మూడోది చదువుకున్నది.
గడిచిన ఫ్రేములు గుర్తుంచుకుని,
ఏది ఎటు జరిగిందో లెక్క కట్టి,
ఒక వంతు చూసి మూడు వంతులు చెబుతుంది.
కంచె తిరిగొచ్చింది. వలలో ముడి కూడా.
మీటరు చూస్తే నాలుగు వందల పాతిక!
"ఇదేం పొదుపే?" అంది రోజ్‌లీన్.
మిగిలిన బలం మిగల్లేదు,
అడగని ఫ్రేముల కోసం పరిగెడుతోంది.
అరవై దగ్గర పగ్గం వేశాను.
అప్పుడు దిగింది,
రెండు వందల డెబ్భై.
ఫ్యాన్లు నెమ్మదించాక
గూడ్సు బండి వెళ్లడం వినబడింది.

రోజ్‌లీన్ మూడో గడి నింపుతోంది.
నేను తెర చూస్తున్నాను.
వానలో ఎగిరిన కొంగ వెనకాల
ఇంకో కొంగ, బూడిదలా,
అది ఇందాక ఉన్నచోట.

జాలరిపేటలో ఎల్లాజీ మామ
మంచులో మరక చూసి బోటు పేరు చెప్పేవాడు.
రంగు కనబడక ముందే, ఇంజను వినబడక ముందే,
ఊగే తీరు చూసి.
గాలివాన రేగిన ఆ ఆశ్వయుజంలో
"మనదే, వచ్చేస్తంది" అన్నాడు.
అమ్మ గంప పట్టుకుని నీళ్లలోకి దిగింది మోకాళ్ల దాకా.
దగ్గరికొచ్చాక
ఎవరిదో బోటు.

మాది మూడో నాడు వచ్చింది, వల లేకుండా.
మామ ఆ వేళంతా అన్నం ముట్టలేదు.
"నిన్నటిది సూసి ఇయాల్టిది సెప్పీసినానే" అన్నాడు
నాతో, నాకు తొమ్మిదేళ్లు.
మర్నాటి నుంచి మళ్లీ చెప్పాడు పేర్లు.
చెప్పి, ఒక్క క్షణం ఆగి,
"రానీ, సూద్దాం" అనేవాడు.

"బొమ్మ గడిలో ఏం రాయను?" రోజ్‌లీన్ పెన్ను ఆగింది.
బాగుందని రాయమన్నాను.
కొంగ సంగతి కూడా రాయమన్నాను.
"మన పిల్లలు కొంగని చూస్తారేటి?"
చూడరు. దేముడుబాబు చూస్తాడేమో,
ఆట మానేసి ఆకాశం చూస్తుంటాడు గంటకి ముప్పై రూపాయలిచ్చి.
వాడి మెషీను ఒక్కటీ
అన్ని చుక్కలూ గీయనిమ్మన్నాను.
రోజ్‌లీన్ లెక్క వేసి, పళ్లు కొరికి, సరే అంది.

అన్నీ ఆపి షట్టర్ ఎత్తాం.
మీటరు ఇంకా పదకొండు చూపిస్తోంది.
దేనికోసమో
ఇద్దరికీ తెలియలేదు.