ఎర్ర నూలు

నయీంనగర్ల నా గేమ్ షాపు షట్టర్ మీద
మూడో పోస్టర్ చింపకుండనే నాలుగోది అతికించిన.
"మళ్లీ పుట్టింది" అని రాసుంది, బంగారు అక్షరాలల్ల.
మైదా జిగురు ఇంక ఆరనే లేదు,
ఇలియాస్ కంట్రోలర్ అందుకున్నడు.

కోట గోడ పక్కకు పొయ్యి
ఎడమ మూలకు మూడుసార్లు దుంకిండు.
గోడల నుంచే అవతల పడ్డడు.
"అన్నా, గా సందు అట్లనే ఉంది."
కోపం లేదు,
పాత బడి దోస్తు ఎదురైనట్టు నవ్విండు.

ఈసారి వానకు గుర్రం జూలు తడుస్తదట.
గా తడికి నాలుగువేల తొమ్మిదొందల తొంభైతొమ్మిది.

కొత్తవాడల మా పెదనాయిన ఎల్లస్వామి
జంపఖానాలు నేసెటోడు.
ఒకపారి ఎర్ర అంచు పోయి పచ్చది వచ్చింది.
కొత్త డిజైనా అని సేటు అడిగితే
"కాదు సేటూ, ఎర్ర నూలు ఒడిసింది" అన్నడు.
సేటు పది రూపాలు కోసిండు.

రాత్రి షట్టర్ గుంజుతుంటే
పోస్టర్ మూల లేచింది.
కింద మూడోటోడు,
అదే కత్తి, అదే చూపు.
ఇంత మైదా కలుపుకొచ్చి
మల్ల ఒత్తిన.
పొద్దుగాల వచ్చెటోళ్లల్ల
పదకొండు మంది ముందే పైసలు కట్టిన్రు.