బెత్తెడూ జానెడూ

దిదూబె మెట్రో మెట్ల కింద
నా దుకాణం ఒక బల్ల, ఒక దీపం.
ఎడమ పక్క ఎతేరి,
ద్రాక్షపాకంలో ముంచిన అక్రోటు దండలమ్ముతుంది.
పదహారేళ్లుగా ఇక్కడే కూర్చుని
తిబిలిసి జనం పగలగొట్టుకున్న తెరలు మారుస్తున్నాను.

నా కళ్లముందే పెరిగాయి ఫోన్లు,
పక్కింటి పిల్లల్లా, చూస్తుండగానే.
అగ్గిపెట్టె సబ్బుబిళ్లయింది,
సబ్బుబిళ్ల పలకయింది,
రేపు పీటవుతుందేమో.
జేబులు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

నేను చిన్నవాటి పక్షం. దాచేదేముంది?
పెద్దవే ఎక్కువ పగులుతాయి, నా కూడు అదే,
అయినా చిన్నవాటి పక్షమే.
పడుకుని చూస్తుంటే ఫోను మీద పడి
ముక్కుకి కట్టుతో వచ్చిన కుర్రాణ్ణి చూశాక
ఇంకా గట్టిపడ్డాను.
ఎతేరి ఒప్పుకోదు.
మనవరాలి పెళ్లి వీడియోలో
వెనక వరసలో నిలబడ్డ తనని తాను
పెద్ద తెరమీదే కనిపెట్టిందట.
"నీ దాంట్లో నేనో చుక్కని" అంటుంది.

ఫిబ్రవరిలో, మంచు కరిగి మెట్లమీంచి కారుతున్న రోజు
బొండో వచ్చాడు. రైల్వే యార్డులో పనిచేసేవాడు,
రెండు బోగీల మధ్య కుడిచెయ్యి వదిలేసి వచ్చినవాడు.
కొడుకు కొనిచ్చిన పెద్ద ఫోను, మూడోసారి పగిలింది.
"బొటనవేలు ఆ మూలకి అందదు," అన్నాడు.
"అందిద్దామంటే జారిపోతుంది.
రెండో చెయ్యి ఉన్నవాళ్లెవరో
తీసిన కొలత ఇది."

సొరుగు అడుగునుంచి ఒక పాతది తీశాను. బెత్తెడు.
అతని వేలు నాలుగు మూలలూ తిరిగొచ్చింది,
కొత్తింట్లో గదులన్నీ చూసుకున్నట్టు.
చూశావా, అని ఎతేరి వైపు తిరిగాను.
ఆమె దండలు సర్దుకుంటోంది.

అదే సాయంత్రం లమారా.
ఆమెకి వినపడదు, కాగితం మీద రాసి చూపిస్తుంది.
చేతిలో ముచ్చటైన చిన్న ఫోను, గీత కూడా లేదు.
"ఏమైంది దీనికి?" అని రాశాను.
"దీనికేం కాలేదు. నా చెల్లెలు ఇందులో పట్టడం లేదు."

బతూమిలో ఉన్న ఆ చెల్లెలికీ వినపడదు.
రాత్రిళ్లు వీడియోలో చేతులతో మాట్లాడుకుంటారు.
ముఖం పడితే చేతులు తెగిపోతాయి,
చేతులు పట్టేంత దూరం జరిగితే
వేళ్లు చీమల కాళ్లు.
"నిన్న అది సముద్రం అందో, భయం అందో
తెలియక నిద్రపోలేదు."

బొండో తన పెద్ద ఫోను వదిలేసి ఉంటే
కథ అందంగా ఉండేది.
వదల్లేదు. కొడుకొస్తే చూపించాలని
కోటు లోపల దాచుకుని పోయాడు.
నేనే ఒకటి వెతికి, వాయిదాల మీద ఇచ్చాను. జానెడు.

మాట్లాడాలంటే ఆమెకి రెండు చేతులూ కావాలి.
ఫోను ఎవరు పట్టుకోవాలి?
ఎతేరి లేచొచ్చి పట్టుకుంది, పూజారి దీపం పట్టినట్టు.
తెర నిండా చెల్లెలి చేతులు,
ఉంగరం, కాలిన మచ్చ, అన్నీ.
నలభై నిమిషాలు. ఆమె భుజాలు నొప్పెట్టే ఉంటాయి.
గెలిచానని నా వైపు చూస్తుందనుకున్నాను.
చూడలేదు.

అది సముద్రమో భయమో నేనడగలేదు.

మర్నాడు పొద్దున ఎతేరి, దండలు తగిలిస్తూ,
"ఇంతకీ ఏది మంచిదంటావ్?"
"చెయ్యి చూపించు," అన్నాను.
"సోదె చెప్తావా?" అంటూనే
పాకం అంటిన చెయ్యి చాపింది.
జానకి కాస్త తక్కువ.