అక్షరానికి ముప్పై

ఈ ఏడాది ఆదోనిలో
నా కుంచె రాసింది రెండే మాటలు.
అద్దెకు ఇవ్వబడును.
అమ్మబడును.

జిన్నింగు మిల్లు గేటు మీద ఇంకోటి రాయించినారు,
మూసివేయబడినది అని.
నిచ్చెన పట్టుకున్న వాచ్‌మన్ కింద నుంచి అడిగినాడు,
"ఎవురు మూసినారని రాయవా?"
"అది రాయమనలేదు" అన్నా.
బీడీ ఆరిపోతే మళ్ళీ ముట్టించుకున్నాడు.

పత్తి ధర పడితే ముందు ఆగేది కాటా,
తరవాత హమాలీ,
ఆ తరవాత యార్డు ముందర టీ బంకు.
అందరికంటే ఆఖర్న నేను.
నల్ల రంగు అయిపోతా ఉండాది గానీ
ఎర్ర రంగు డబ్బా మూత తెరిచి ఎన్నాళ్ళయిందో,
తుప్పు పట్టి ఉలికి కూడా రావడం లేదు.

శుక్రవారం పొద్దున ఉసేనమ్మ వచ్చింది.
పదకొండేండ్లు ఆ మిల్లులో పత్తి ఏరిన మనిషి.
మాట మొదలుపెట్టే ముందు రొంతసేపు దగ్గుతుంది.
మిల్లు నిలిచిపోయినా
ఆమె రొమ్ములో ఇంకా తిరుగుతానే ఉండాది.
ఆఖరి రెండు నెలల కూలికి బదులు
చిరిగిన గోతాలు మూడు వందలు తోలిచ్చినారంట.
ఇంట్లో మనుషులు పండుకోవాల్నా, గోతాలు పండుకోవాల్నా?
ఎమ్మిగనూరు రోడ్డులో రేకుల కొట్టం బాడుగకు పట్టింది.

ఆ కొట్టానికి నేను రాసిన బోర్డునే
చంకలో పెట్టుకొని తెచ్చింది.
"వెనకపక్క ఖాళీగా ఉంది కదప్పా,
రేకు ఖర్చు తగ్గించు."

"ఊరంతా మూస్తా ఉంటే నువ్వు తెరుస్తావా?"
"ఇప్పుడే తెరవల్ల.
దుడ్లున్నప్పుడు చిరిగిన గోతాం కుట్టిచ్చుకునేదెవురు?
పారేసి కొత్తది తెస్తారు."

అక్షరానికి ముప్పై అని చెప్పినా.
"ఒత్తుకు?"
"ఒత్తు, కొమ్ము, దీర్ఘం ఊరికేనే."
చీటీ మీద రాసి చదివి వినిపించినా:
ఇచ్చట పాత గోతాలు కుట్టబడును.
పదమూడు అక్షరాలు, మూడు వందల తొంభై.

ఆమె వేళ్ళు మడిచింది.
"ఇచ్చట తీసెయ్. ఇంకెచ్చట?"
తొంభై పాయె.
"పాత తీసెయ్. కొత్త గోతానికి కుట్టేముంది?"
అరవై పాయె.
చివరి మాట కాడ ఆగింది.
"ఈ బడును ఏంది?"
"బోర్డు మీద అట్లనే రాస్తారమ్మా."
"తన్నబడును, తిట్టబడును మాదిరి ఉండాది.
ఎవురు కుట్టేది? నేనే కదా.
కుడతా అని రాయి."

ఇరవై రెండేండ్లుగా రాస్తా ఉండా.
బడును లేని బోర్డు ఒక్కటి రాయలేదు.
తిక్కగా ఉంటుంది, జనం నగుతారు అని చెప్దామనుకున్నా.
నోట్లోకి వచ్చింది మాత్రం
"నూట ఎనభై."

బోర్డు తిప్పి గోడకు ఆనించి
రాయితో కొట్టి ఎర్ర డబ్బా తెరిచినా.
పైన పెయింటు తోలు కట్టింది,
చీల్చితే అడుగున ఇంకా ఉంది.
గోతాలు అని ఒక వరుస రాసి చూస్తే
నా కుంచెల సంచి ఆమె ఒళ్ళో ఉంది.
అడుగు పిగిలిపోయిన సంచి.
దబ్బనం ఒకసారి తలలో రాసుకొని
పురికొసతో కుడతా ఉంది.
"సంచికి ఇరవై పోను నూట అరవై ఇస్తా.
నూరు ఇప్పుడు. అరవై పై శుక్రవారం."

ఏమనేది?
కు రాసినా.
డ రాసినా.

రోడ్డు మీద పాత మోపెడు ఆగింది.
వెనక గోతాల కట్ట, ఎలుకలు కొట్టినవి.
ఆయప్ప బోర్డు వైపు చూడనే లేదు,
ఆమె చేతిలో దబ్బనం చూసినాడు.
"యమ్మా, ఇవి కుడతావా?"

"కుడతా" అనింది ఉసేనమ్మ.

నేనింకా తా దీర్ఘం లాగుతానే ఉండా.