కర్త లేని వాక్యం

తంబుచెట్టి వీధిలో, హైకోర్టు గోడకెదురుగా
జిరాక్సు కొట్టుకీ చెరకురసం బండికీ మధ్య
నా టైపు మిషను.
ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల తగాదాలు కొట్టి బతుకుతున్నాను.
పిట్టగోడలు, బాకీపడ్డ అద్దెలు,
రేషన్ కార్డులో తప్పిపోయిన ఒక్క అక్షరం.
ఆకాశం మీద ఫిర్యాదు మాత్రం
ఈమెదే మొదటిది.

వకుళమ్మ. చూళైలో తెలుగు టీచరు.
ఆ బడిలో ఇప్పుడు తెలుగుకి పదకొండుమంది పిల్లలు.
తమ్ముడు పురంధర్ ఓడలో ఫిట్టరు.
ఓడ అందుకోడానికి విమానమెక్కాడు.
"నీళ్లంటే భయపడ్డాను గానీ
గాలిని ఎప్పుడూ అనుమానించలేదండీ" అంది
చిల్లర లెక్కపెడుతూ.

ముందు తెలుగులో చిత్తు. అది కుదిరాకే ఇంగ్లీషు.
అదీ ఆమె షరతు.
మొదటిసారి మామూలుగా రాశాను:
విమానం కూలిపోయింది.
సంచిలోంచి ఎర్రసిరా పెన్ను తీసి కొట్టేసింది.
"పాతగోడ కూలిపోతుంది. వానకి పందిరి కూలిపోతుంది.
ఇది అట్లా కాదు."

కూల్చబడింది, అని దిద్దాను.
"ఆ 'బడు' వెనకాల ఎవరు నక్కారో చూశారా?"
నేనేదో ఐదో తరగతి కుర్రాణ్ణయినట్టు అడిగింది.
"క్రియ ఉంది. కర్మ ఉంది,
రెండువందల నలభైమంది కర్మ.
కర్త ఏడీ?"

కర్త కోసం ఢిల్లీకి రాశాం.
ఆ రెండు దేశాల రాయబారులకీ రాశాం.
ఒకరు మాది కాదన్నారు.
ఒకరు జవాబే ఇవ్వలేదు గానీ
రిజిస్టరు రసీదు మీద సంతకం ఎంత అందంగా ఉందో!

నాలుగో ఏట ఒక పార్సెలు వచ్చింది.
పురంధర్ స్టీలు టేపు.
మూడడుగుల దగ్గర ఇరుక్కుపోయింది,
లోపలికి పోదు, బయటికి రాదు.
తర్వాత ఒక చెక్కు, దానికి పిన్ను గుచ్చి ఒక కాగితం:
సంఘటన జరిగినందున. ఇకపై ఏ హక్కూ కోరనని.
రెండుసార్లు చదివింది.
వాళ్లింట్లో మేడగది కారుతోందని నాకు తెలుసు,
తీసుకోమ్మా అని నోటిదాకా వచ్చింది.
"సంఘటనట" అంది. మడిచి తిరిగి పంపించేసింది.

రాత్రి మిషను మీద గుడ్డ కప్పేటప్పుడు
నా వేళ్లు చూసుకుంటాను.
ఒక మీట నొక్కడానికి ఎంత బలం కావాలో
నాకు బాగా తెలుసు.
చిటికెన వేలు చాలు.
తప్పు పడితే నా దగ్గర తెల్లరంగు సీసా ఉంది,
పూసి, ఊది, పైన ఇంకో అక్షరం కొట్టేస్తాను.
వాళ్ల దగ్గరా ఉంటుంది కాబోలు,
పెద్ద సీసా.

ఇవాళ తొమ్మిదో అర్జీ.
మీనంబాక్కం వైపు దిగే విమానం ఒకటి ఎక్కడో ఉరిమింది.
చెరకుబండి వాడు కూడా తలెత్తలేదు.
ఆమె మాట్లాడ్డం ఆపి, ఆ చప్పుడు పూర్తిగా అయిపోయేదాకా
బల్ల అంచు పట్టుకుని ఉండి,
మళ్లీ చెప్పింది.

చెప్పినట్టే రాశాను.
మొదట కొన్ని చుక్కలు, ఆ తర్వాత:
మా విమానాన్ని కూల్చారు.

చుక్కల్ని పెన్ను మొనతో లెక్కపెట్టింది.
"ఇంకొంచెం చోటు వదలండి.
ఒక్క పేరే అయ్యుండదు."

కాగితం లాగి, కొత్తది ఎక్కించాను.