ఆరు బై నాలుగు

పొద్దుగాల మొదటి గిరాకీ, శారీ ఫంక్షన్.
ఫొటోల పిల్ల బిగుసుకొని కూసుంది,
వానాకాలం బడికి తయారైనట్టు.
"ఎనక నెమలి పెట్టు చెల్లే, జలపాతం పెట్టు,
మేనమామలందరు గుండ్రంగ రావాలె."
మేనమామలు పద్నాలుగు మంది.
పద్నాలుగు గుండ్రాలు కత్తిరించేసరికి
చాయ్ మీద మీగడ కట్టింది.

హన్మకొండ చౌరస్తా పక్క సందుల, మెట్ల కింద దుకాణం.
నాది కాదు, యాకూబ్ భాయ్‌ది.
నాది కుర్చీ.
దానికి ఐదు చక్రాలు, నాలుగే తిరుగుతయ్.

వచ్చినోళ్లందరిదీ ఒకటే మాట:
"ఎరుపు ఇంకా ఎర్రగ చెయ్యరాదు!"
ఎరుపు ఎంత దూరం పోతదో నాకెరికే.
మార్చిల ఎనుమాముల యార్డుకు పోయి
మిర్చి రాసుల నడుమ నిలబడి
ముక్కుకు చున్నీ కట్టుకొని చూసొచ్చిన.
దుకాణంల కూసొని అదే రంగు కలిపిన:
మెజెంటా వంద, పసుపు వంద, నలుపు ఐదు.
తుమ్ము రాలే.
ఇంకా కుదరలేదన్నట్టే.

అక్షరాలు నేర్పింది సాంబరాజు సారు.
మట్టెవాడల ఒక గోడ మీద, మూడు సున్నాల కింద,
ఆయన రాసిన సైకిల్ టైర్ల ప్రకటన
ఎండ ఏటవాలుగ పడ్డప్పుడు ఇప్పటికీ లేస్తది.
"తలకట్టు టోపీ కాదు బిడ్డా, కనుబొమ్మ.
ఎత్తితే ఒక మాట, దించితే ఇంకో మాట" అనెటోడు.
ఇప్పుడు ఆయనే
నా ఫ్లెక్సీలకు కట్టె ఫ్రేములు కొడుతడు.
మేకు మేకుకు నడుమ జానెడు,
ఒక్కటి కూడా పక్కకు జరగదు.
బొమ్మ దిక్కు మాత్రం చూడడు.

కొత్తవాడల బూర నర్సింహరాములు తాత
జంపఖానా నేసే ముందు
గళ్ల కాగితం మీద పెన్సిల్‌తోటి నింపుతడు.
ఒక గడి, ఒక పోగు. ఒక గడి, ఒక పోగు.
"నీ పెట్టెల గూడ గిదేనా?" అని అడిగిండు.
గిదే తాతా, అన్న.
"మరి నీకు నడుము నొప్పి ఎందుకు?"
జవాబు చెప్పలేకపోయిన.

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించినంక
ఒకామె వంగి లోపలికొచ్చింది.
మార్కెట్ల ఊడుస్తదంట, కొంగుకు ఇంకా ఘాటు.
రేపే దినాలు.
బియ్యం కార్డు మీది ఫొటో తీసి బల్ల మీద పెట్టింది.
గోరంత మనిషి.
"ఇదొక్కటే ఉన్నది. జర నవ్వినట్టు పెట్టరాదు?"

పెద్దగ చేసిన.
ముక్కు గళ్లయింది. కండ్లు గళ్లయినయ్.
ఎక్కడ మనిషి, ఎక్కడ కార్డు ముద్ర, తెల్వలేదు.
"ఎట్ల నవ్వుతుండె?" అని అడిగిన.
ఆమె కొంచెం సేపు ఊకుంది.
తర్వాత తన ఎడమ పెదవి చివర
కొద్దిగ, దొంగతనం చేసినట్టు, పైకి లేపింది.
కన్ను ఒకటి చిన్నగైంది.
ఆమె మొఖం మీదికి వేరే మొఖమొకటి వచ్చి
ఫ్యాను ఒక చుట్టు తిరిగినంత సేపు నిలబడి
పోయింది.
"ఇంకోసారి" అన్న.
ఇంకోసారి నవ్వింది.

గడి గడి నింపిన. పన్నెండు దాటింది.
ఆరు బై నాలుగు, ఇరవై నాలుగు అడుగులు,
అడుగుకు పదిహేను, మూడు వందల అరవై.
ఆమె దగ్గర రెండు వందల ఎనభై ఉన్నయ్.

నేను చేసినయేవీ పది రోజులు నిలవవు.
నాయకుని పుట్టినరోజు తెల్లారితే ఆటో మీద కప్పు,
ఫస్టు ర్యాంకు పిల్లలు కోళ్ల గూటికి గోడ.
ఎక్కువ బతికేది ఎనక ఉన్న తెలుపే,
దాని మీద నేనేం గీయలే.

ఆషాఢం వానలకు మళ్లొచ్చింది ఆమె,
ఎనభై రూపాయలు మడతలిప్పుకుంట.
రేకులు కారుతున్నయని ఫ్లెక్సీ కప్పిందంట.
"మొఖం లోపటికి పెట్టిన. పండుకుంటె కనబడుతడు."
రంగు దిగిందా, అని అడిగిన.
"లేదు. ఒత్తు ఒకటి ఊడింది పేరుల,
మా మనుమరాలు చదివి చెప్పింది.
ఎల్లయ్య కాదంట, ఎలయ్యంట."

నా చేతులు కీబోర్డు మీదనే ఆగినయ్.
ఫాంటు మార్చినప్పుడు విరిగుంటది. చూసుకోలే.
కొత్తది తీసిస్తా అన్న, పైసలొద్దు.

"ఏంగాదు తియ్ బిడ్డా,
ఆయినెకు సదువు రాదు."