ఒక వరుస తక్కువ

ఉరవకొండ యార్డులో రాత్రి పదకొండు.
గేటు బయట చెప్పులు నిలబడున్నాయి క్యూలో,
మనుషులు వాటి పక్కనే గోతాలు పరుచుకొని పడుకున్నారు.
తెగిన హవాయి, పిన్నీసు పెట్టిన పారగాన్,
చెప్పులు లేనోళ్ళది ఒక రాయి,
రాయి మీద సుద్దముక్కతో పేరు.
తెల్లారి ఏడింటికి విత్తన బుడ్డల టోకెన్లు.

ఆ టోకెన్లిచ్చే అప్లికేషన్ని
ఈ రాత్రే క్లౌడుకి మార్చాలి నేను.
పదకొండేళ్ళుగా అది ఈ గదిలోనే కాపురముంది,
ఎరువుల వాసన పట్టిన బీరువా పక్కన ఒక పెట్టెలో.
ఎండాకాలం దానికో ఫ్యాను, ఫ్యాను ముందు తడి గోనె.
పోయిన ఏడు మొదటి అరగంటకే పడిపోయింది.
జనం కిటికీ అద్దం పగలగొట్టినారు.
అద్దం చోట ఇప్పటికీ అట్టముక్కే.

వాచ్‌మన్ ఫకీరప్ప టీ తెచ్చి అడిగినాడు:
"యాడికి ఎక్కిస్తాండావు మేడం మా పేర్లు?"
"క్లౌడుకి."
"అంటే?"
నోరు జారి అనేసినా, "మోడం."
చాలాసేపు నవ్వినాడు.
"మోడానికి మా పేర్లు తెలీకనే గదా
ఇన్నేండ్లూ పక్కూరి మీద పోసి పోతాండేది."

నిజానికి అది మోడమూ కాదు.
ఊరి పేరైనా నాకు తెలియని చోట
చల్లటి గదిలో ఇంకెవరిదో యంత్రం.
బాడిగ ఇల్లు. నిమిషం నిమిషానికీ బాడిగ.
ఆ మాట ఆయనకి చెప్పలేదు.

వలస సంగతి మాత్రం నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.
"బెంగుళూరికి పోయేటప్పుడు రోలు మోసకపోం మేడం.
బీగం పక్కింట్లో ఇచ్చి పోతాం.
పని దొరక్కపోతే మళ్ళా రావాల గదా."
నా ఫైల్లో పద్నాలుగో పేజీ మొత్తం
ఈ ఒక్క ముక్కే చెప్తుంది, బొమ్మలతో, బాణాలతో.

ఒంటిగంటకి మొదలుపెట్టినా.
పేర్లు పోతున్నాయి, సర్వే నంబర్లు, ఎకరాలు,
ఎండిన బోర్ల లెక్క.
తెర మీద పచ్చగీత చీమలబారులా నడుస్తోంది.
కాపలా అంటే ఇదే,
ఏమీ జరగకపోవడాన్ని రెప్ప వాల్చకుండా చూడడం.
పందులు రాని రాత్రి కూడా మంచె దిగకూడదు.

రెండూ నలభైకి లెక్క చూస్తే
ఇక్కడ నలభై ఒక్క వేల రెండొందల ఆరు.
అక్కడ ఐదు.

ఫోన్లో హేమాద్రి సారు:
"ఒక్కటే కదా. తెరిచెయ్. సోమవారం చూద్దాం."
నూటికి ఎన్ని తొమ్మిదులొచ్చాయో కూడా చెప్పినాడు.
అట్టముక్క జరిపి బయటికి చూసినా.
చెప్పుల వరుస రోడ్డు మలుపు దాకా ఉంది.
ఆ ఒక్కటి ఏదో పైకి కనపడదు.

కొర్రల్లో రాయి ఏరినట్టు ఏరితే
నాలుగు కొడతా ఉండంగా దొరికినాడు.
ఎఱ్ఱిస్వామి, తండ్రి వన్నూరప్ప,
రెండెకరాల డెబ్భై సెంట్లు, మూడు మూటలు.
అప్పటి గుమస్తా ఎవరో పద్ధతి గల మనిషి,
బండి ఱ రాసినాడు.
కొత్త ఇల్లు ఆ అక్షరాన్ని గుర్తుపట్టక
గడప బయటే నిలబెట్టింది.

మామూలు ర పెడితే నిమిషం పని.
పెట్టబోయి ఆగిపోయినా.
పాసుపుస్తకంలో ఒక రకం, టోకెన్లో ఒక రకం ఉంటే
కిటికీ దగ్గర కూర్చున్నోడు
"నువ్వు ఇతను కాదు పో" అంటాడు.
పేరుని ముట్టుకోలేదు. గడపనే చెక్కినా.
గంటన్నర పట్టింది.
ఫోను రెండుసార్లు మోగింది, తియ్యలేదు.

ఐదున్నరకి రెండు వైపులా ఆరు.

ఏడింటికి చెప్పులు మనుషులై లేచినాయి.
తెర మీద గీత నిట్టనిలువుగా ఎక్కింది,
పైన కాసేపు వణికి
అక్కడే నిలబడింది.

ఎనిమిదీ పన్నెండుకి ఎఱ్ఱిస్వామి టోకెను పడింది.
ఎవరో చూద్దామని నేను లేచేలోపు
కిటికీ ముందు ఇంకో చెయ్యి ఉంది.

పాత పెట్టెని ఆర్పలేదు.
వారం దాకా ఉంటుందది, పక్కింట్లో ఇచ్చిన బీగం.
దాంట్లో ఇప్పుడేమీ లేదని చెప్పినా వినకుండా
ఫకీరప్ప చెంబుతో నీళ్ళు తెచ్చి
గోనె తడుపుతున్నాడు.